డబ్బా మూత మీద నేను మార్చిన తేదీ

ఐదేళ్లుగా నేను ఒక తేదీని మోస్తున్నాను. అది ఎవరూ పుట్టిన రోజు కాదు, ఎవరూ పోయిన రోజు కాదు. ఒక ప్లాస్టిక్ డబ్బా మూత మీద నల్ల స్కెచ్ పెన్నుతో నేను రాసిన తేదీ. పక్కన సమయం కూడా రాశాను: ఉదయం ఆరు. రెండూ తప్పే. పొరపాటున రాసిన తప్పు కాదు. తెలిసి, నిదానంగా, మంచి దస్తూరితో రాసిన తప్పు.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. నన్ను ఓదార్చాలని ఎవరైనా కూర్చుంటే ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు. క్షమాపణ కోసం నేను రాయడం లేదు. ఇందులో ఒకరిని చూసి మీకు నవ్వు రావచ్చు. ఆ నవ్వుకి భయపడే ఐదేళ్లు నోరు మూసుకున్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. ఇప్పుడు భయం లేదు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఇక్కడ నా పేరు ఎందుకు లేదంటే, పేరు రాస్తే మా తండా తెలుస్తుంది, తండా తెలిస్తే మా అమ్మ తెలుస్తుంది. పేరూ సంతకమూ ఉన్న కాగితం వేరే ఉంది.

మాది మహబూబాబాద్ జిల్లాలో గూడూరు వైపు అడవి అంచున ఉన్న ఒక తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం, బళ్లో తెలుగు చదివాను, పరిశోధన ఇంగ్లిషులో చేశాను. హైదరాబాద్‌లో ఒక ల్యాబులో ఐదున్నరేళ్లు పనిచేశాను. నా విషయం ప్లాస్మాతో వస్తువుల పై పొరని మార్చడం. అర్థమయ్యేలా చెప్పడం కష్టం కాదు. ఒక గాజు గది లోంచి గాలి తోడేస్తాం. కొంచెం ఆక్సిజన్ వదులుతాం. కరెంటు పెడతాం. లోపల ఊదారంగు వెలుగు పుడుతుంది. ఆ వెలుగులో కొన్ని నిమిషాలు ఉంచిన ప్లాస్టిక్ ముక్క బయటికి తీస్తే చూడటానికి ఏ తేడా ఉండదు. కానీ దాని మీద నీటిబొట్టు వేసి చూడండి. మామూలు ప్లాస్టిక్ మీద బొట్టు గుండ్రంగా నిలబడుతుంది. మా ముక్క మీద పరుచుకుంటుంది. నీరు పరుచుకుంటే జిగురు కూడా పరుచుకుంటుంది. జిగురు పట్టని ప్లాస్టిక్‌కి జిగురు పట్టేలా చేయడం, అదీ మేం చేసేది. మారేది వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని పొర. అంత పలచటి పొర మీద ఒక మనిషి నిలబడతాడని మేం చెప్పాం.

నిజంగానే మనిషి. మా గైడు తీసుకున్న పని పెట్టుడు కాళ్ల మీద. మోకాలి కింద మిగిలిన కాలు దిగే ప్లాస్టిక్ గిన్నె ఒకటి ఉంటుంది. దాని అడుగున ఒక బిళ్ల ఉంటుంది. ఆ బిళ్లకి పాదం బిగిస్తారు. గిన్నెకీ బిళ్లకీ మధ్య స్క్రూలు వేస్తే ఆ రంధ్రాల దగ్గర ఎప్పటికైనా పగుళ్లు వస్తాయి. స్క్రూలు లేకుండా ఉత్త జిగురుతో నిలబెట్టాలని మా ప్రయత్నం. ల్యాబులో లాగి చూశాం, వంచి చూశాం, నిలబడింది. ఇక ఒక మనిషికి పెట్టి చూడాలి.

ఆ మనిషి భూపాలపల్లిలో ఉంటాడు. పేరు మొగిలి అనుకోండి. నలభైకి దగ్గర పడ్డవాడు. రోడ్డు మీద లారీ తగిలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఆయన కాలు తయారు చేసింది జనగామలో సత్తయ్యన్న. ఇదీ మార్చిన పేరే. ఇరవై ఏళ్లుగా పెట్టుడు కాళ్లు చేస్తున్న మనిషి. జఫర్‌గఢ్ నుంచి, పాలకుర్తి నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. దవాఖానలో డాక్టర్లు చీటీ మీద ఆయన పేరే రాసి పంపేవాళ్లు. మా గైడు ఆయన్ని ఎంచుకున్నది అందుకే.

పని పద్ధతి ఇలా రాసుకున్నాం. ల్యాబులో బిళ్లల్ని ప్లాస్మాలో పెట్టాలి. శుభ్రమైన డబ్బాలో సర్దాలి. మూత మీద కాగితం అంటించి తేదీ, సమయం రాయాలి. ఎనిమిది గంటల లోపు జనగామలో జిగురు పెట్టాలి. ఎందుకంటే మా పై పొర నిలకడ లేనిది. గంటలు గడిచేకొద్దీ ప్లాస్టిక్ తన పాత స్వభావానికి తిరిగి వెళుతుంది. వేలు తగిలినా చెడుతుంది. ఈ పద్ధతి మొత్తం నేనే రాశాను. జాబితాలు రాయడం నాకు ఇష్టం. చేయకూడని పనుల జాబితా కూడా రాశాను: ముట్టుకోకూడదు, ఎండలో పెట్టకూడదు, తడి తగలకూడదు, గుడ్డతో తుడవకూడదు.

ఒక శనివారం ఉదయం ఆరింటికి ఆరు బిళ్లలు మిషన్ లోంచి తీశాను. డబ్బాలో పెట్టాను. తేదీ రాశాను, నిజం తేదీ. సికింద్రాబాద్‌లో రైలెక్కాను. జనగామలో దిగాలి.

దిగలేదు.

ఆ మర్నాడు మా తండాలో తీజ్ తొమ్మిదో రోజు. పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, చివరి రోజు ఆడిపాడి నీళ్లలో కలుపుతారు. ఆ రోజు అన్నదమ్ములు దగ్గరుండాలి. మా చెల్లెలికి అప్పటికే పెళ్లి కుదిరింది, అంటే అది తనకి చివరి తీజ్. జనగామలో దిగి, సత్తయ్యన్న జిగురు పెట్టేదాకా కూర్చుని, మళ్లీ రైలు పట్టుకుని వెళ్లొచ్చు. సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. అంతా కలిపి మూడు నాలుగు గంటల తేడా. మరి ఎందుకు దిగలేదు? సీటు దొరికింది. నిద్ర వస్తోంది. ఇంటికి వెళ్లాలని ఉంది. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఐదేళ్లు వెతికాను. దొరకలేదు. రైలు రఘునాథపల్లి దాటుతుండగా సత్తయ్యన్నకి ఫోను చేసి, మిషను చెడిపోయింది, సోమవారం తెస్తానని చెప్పాను. అప్పటికే రైలు జనగామ దాటిపోయింది. అది మొదటి అబద్ధం.

డబ్బాని ఇంట్లో ఇనుప బీరువా పైన పెట్టాను. ఎవరూ ముట్టుకోవద్దని అమ్మకి చెప్పాను. అందులో ఏముందని అడిగింది. భూపాలపల్లిలో కాలు పోయిన ఒకాయనకి కొత్త కాలులో పెట్టే ముక్కలని చెప్పాను. ఆయనకి పిల్లలున్నారా అని అడిగింది. ఇద్దరున్నారన్నాను. అంతే మాట్లాడుకున్నాం.

ఆదివారం అంతా బాగా గడిచింది. సోమవారం తెల్లవారాక డబ్బా అందుకుని సంచిలో పెట్టుకోబోతుంటే నెయ్యి వాసన వచ్చింది.

ఆదివారం పొద్దున అమ్మ భోగ్ చేసింది. నిప్పుల మీద నెయ్యి, బెల్లం కలిపిన అన్నం వేసి, ఆ పొగని దేవతకి పంపడం మాలో పద్ధతి. ఇంట్లో ఎవరికి మంచి జరగాలన్నా చేస్తారు. ఆ రోజు మా చెల్లెలి కోసం చేసింది. చేస్తూ చేస్తూ, ఎన్నడూ చూడని ఒక మనిషి గుర్తొచ్చి, బీరువా మీది డబ్బాని దించి, మూత తీసి, ఆ పొగలో పెట్టింది. కాసేపు ఉంచి, మళ్లీ మూత పెట్టి, ఎక్కడిది అక్కడ పెట్టింది. నేను అడిగితే దాచలేదు. మా భాషలో తను అన్నదాన్ని తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది: "ముట్టుకోలేదు బేటా, నువ్వు వద్దన్నావుగా. మూత ఒక్కటే తీశాను. ఆయన మంచిగా నడవాలి కదా."

తను ముట్టుకోలేదు. నిజం. ఎండలో పెట్టలేదు, తడి తగలనివ్వలేదు, తుడవలేదు. నా జాబితాని అక్షరం తప్పకుండా పాటించింది. నా జాబితాలో పొగ లేదు.

అమ్మ పక్కకి వెళ్లాక ఒక బిళ్ల తీసి, గ్లాసులో వేలు ముంచి ఒక్క బొట్టు వేశాను. బొట్టు గుండ్రంగా నిలబడింది. బిళ్లని పక్కకి వంచితే దొర్లి కింద పడింది. ఇంకొకటి తీశాను. అదీ అంతే. మిగతావి చూడలేదు, చూడాల్సిన పని లేదు. శనివారం నేను చేసిన పనిలో ఆ ముక్కల మీద ఏమీ మిగల్లేదు.

ఇక్కడ ఆగి ఒక సంగతి స్పష్టం చేస్తాను. ఆ నిమిషం దాకా జరిగింది పొరపాటు, సోమరితనం, ఏ పేరైనా పెట్టండి. ఆ నిమిషం తర్వాత జరిగింది వేరు. నాకు తెలుసు. నా వేలి చివర తడి ఇంకా ఆరలేదు, నాకు తెలుసు. ఫోను తీసి గైడుకి చెప్పొచ్చు. తిడతాడు. మిషను మీద మా వంతు ఆ పొద్దుటితో సరి, మళ్లీ రావడానికి రెండు వారాలు. భూపాలపల్లికి బయటి నుంచి పెద్దలు వచ్చి మొగిలి నడక చూసే రోజు అప్పటికే ఖాయమైంది. అది వాయిదా పడుతుంది. ఎందుకు వాయిదా పడిందో నలుగురిలో చెప్పాలి. ఏమని చెప్పాలి? మా అమ్మ ప్లాస్టిక్ ముక్కలకి ధూపం వేసిందని చెప్పాలి.

డబ్బా మూత మీది కాగితం పీకాను. కొత్తది అంటించాను. సోమవారం తేదీ, ఉదయం ఆరు. అది రెండో అబద్ధం.

నేను ఎంత పద్ధతైన మనిషినో వినండి. మహబూబాబాద్‌లో ఎక్కిన బండి జనగామకి ముందుగానే చేరింది. హైదరాబాద్‌లో ఆరింటికి పని చూసుకుని బయలుదేరినవాడు అప్పుడే రాలేడు. అందుకని ఆ వైపు నుంచి వచ్చే బండి వచ్చి ఆగేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. దిగినవాళ్లలో కలిసి బయటికి వచ్చాను.

సత్తయ్యన్న డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏంది తమ్మీ, నెయ్యి వాసనొస్తుంది? మీ మిషన్ల ప్లాస్టిక్కును నేతిల వేయిస్తున్నరా ఏంది?"

"రైల్ల పక్కన కూసున్నాయన టిఫిను డబ్బ తెరిచిండన్నా." అది మూడోది.

"ఎప్పుడు చేసిండ్రు ఇయ్యి?"

"పొద్దున ఆరింటికి. మూత మీద రాసున్నది గద."

ఆయన మూత తిప్పి, పెదవులు కదుపుతూ చదివాడు. గోడ గడియారం చూశాడు. టైమున్నదని తనలో తను అనుకున్నాడు. జిగురు డబ్బా అందుకున్నవాడు మళ్లీ కింద పెట్టాడు.

"ఒక్కసారి మంట చూపెడ్తనా? నా మనసు కోసం. ఇట్లని అట్ల తీస్త."

"వద్దన్నా. మంట చూపెడితే మా ట్రీట్‌మెంటు పోతది."

"పోతె పోతది. మనిషి నిలవడాలె గద."

"అన్నా, నీ పద్ధతిల చేసేటట్లయితే గిదంత ఎందుకు? మా పద్ధతి ఎట్లున్నదో చూస్తందుకే గద."

ఆయన నన్ను ఒకసారి చూశాడు. "మంచిది సారూ. నీ ఇష్టం."

అంతకు ముందు ఎన్నడూ నన్ను సారూ అనలేదు.

ఆయన పద్ధతి ఏమిటో మీకు చెప్పాలి. ప్లాస్టిక్‌ని గరుకు కాగితంతో రుద్ది, బ్లో ల్యాంపు మంట మీదుగా ఒక్క ఊపులో తీసుకెళ్లి, వెంటనే జిగురు పెడతాడు. ఎవరూ నేర్పలేదు, చేసి చేసి తెలుసుకున్నాడు. మంట కూడా ఒక రకం ప్లాస్మాయే. ఆ ఒక్క క్షణంలో ప్లాస్టిక్ పై పొరకి జరిగేది, మా గాజు గదిలో జరిగేది దాదాపు ఒకటే. అంటే ఆయన ఆ రోజు అడిగింది మా పని చెడగొట్టడానికి కాదు. నేను చెడగొట్టిన పనిని, తనకి తెలియకుండానే, బాగు చేయడానికి. నెయ్యి పొర కాలిపోయేది. జిగురు పట్టేది. మొగిలి కాలు నిలబడేది. ఆ సంగతి ఆ క్షణంలో నాకు తెలుసా? తెలుసు. నేను చదివిందే అది. మంట చూపిస్తే ఆ కాలు ప్లాస్మా వల్ల నిలబడిందని రాసుకోవడానికి ఉండదు. అందుకే వద్దన్నాను.

నా లెక్కలో దీన్ని అబద్ధాల వరసలో పెట్టలేను. మంట చూపితే మా ట్రీట్‌మెంటు పోతుందన్నది నిజమే. పోవడానికి అక్కడ ట్రీట్‌మెంటు లేదు, అంతే. నేను చేసిన పనులన్నిటిలో నీచమైనది సాంకేతికంగా నిజమైన ఒక వాక్యం.

భూపాలపల్లిలో ఖాయమైన రోజున మొగిలి నడిచాడు. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. నేను అదృష్టాన్ని నమ్మనివాణ్ణి, ఆ రోజు నమ్మాను. ఆ నమ్మకం ఎన్నో రోజులు నిలవలేదు. మూడు వారాలు తిరగకముందే, బస్సు దిగుతుంటే బిళ్ల గిన్నె నుంచి ఊడిపోయింది. పాదం మెట్టు మీదే ఉండిపోయి మనిషి ముందుకు పడ్డాడు. కుడి చెయ్యి ఆనించాడు. మణికట్టు రెండు చోట్ల విరిగింది. సరిగ్గా అతకలేదు. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా తిరగదు. స్క్రూడ్రైవరు తిప్పడమే జీవనమైన మనిషికి చెయ్యి తిరగకపోవడం అంటే ఏమిటో నేను వివరించను.

ఊడిన బిళ్ల ల్యాబుకి వచ్చింది. దాని మీద జిగురు మచ్చ కూడా లేదు. జిగురంతా గిన్నె వైపే ఉండిపోయింది. జిగురు బలహీనమైతే రెండు వైపులా మిగులుతుంది. బిళ్ల శుభ్రంగా ఊడిందంటే బిళ్ల పై పొర చెడిందని అర్థం. గైడు అది చూసి, లేబుల్ ప్రకారం సమయం సరిపోయింది కదా అని అడిగాడు. సరిపోయింది సార్ అన్నాను. అది నాలుగోది. అయితే వర్క్‌షాపులో ఏదో అంటి ఉంటుందన్నాడు. చేతి నూనె, దుమ్ము, ఏదో ఒకటి, ఆ చోట్లు ఎలా ఉంటాయో తెలుసు కదా అన్నాడు. రిపోర్టు నన్నే రాయమన్నాడు. "జిగురు పెట్టే ముందు స్థానిక వర్క్‌షాపులో ఉపరితలం కలుషితమై ఉండవచ్చు." ఆ వాక్యం నాది. 'ఉండవచ్చు' అన్న మాట కూడా నేనే ఎంచి పెట్టాను, అబద్ధం కాకుండా.

ఆ వాక్యం సత్తయ్యన్న చేతుల్ని తీసేసింది. ముందు మా పని నుంచి తప్పించారు. తర్వాత దవాఖాన చీటీల మీద ఆయన పేరు రాయడం మానేశారు. ఆయన చేసిన కాలు ఊడి మనిషి పడ్డాడట అన్న మాట జనగామలో తిరిగింది. ఇరవై ఏళ్లలో ఆయన చేసిన ఏ కాలూ ఊడలేదు. ఊడిన ఒక్కటీ ఆయన పద్ధతిలో చేయనిది. ఇప్పుడాయన ఆటో సీట్లకి రెక్సిన్ కుడుతున్నాడు.

మరి నేను? ఆ బిళ్లలకి ఏమైందో ఎవరికీ చెప్పకుండా ఏడాది పాటు పరిశీలించాను. శుభ్రమైన డబ్బాలో రెండు రోజులు ఊరికే ఉంచిన ముక్కలు కొంత బలహీనపడ్డాయి కానీ నిలబడ్డాయి. గాజు మూత కింద నెయ్యి కాల్చి పొగ పట్టించిన ముక్కలు వేలితో లాగితే ఊడాయి. దానికి 'గృహ వాతావరణ ప్రభావం' అని పేరు పెట్టాను. నా థీసిస్‌లో పరీక్షకులు అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నే. ఇంత వాస్తవికమైన ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. చిరునవ్వు నవ్వాను.

అంటే భౌతికంగా చూస్తే కారణం పొగే. ఇది నా కొలతలు చెప్పిన నిజం. దీన్ని నేను ఐదేళ్లు ఎలా వాడుకున్నానో చెబుతాను. నోరు తెరిస్తే అమ్మ పేరు బయటికి వస్తుంది, తండావాళ్లు ల్యాబులోకి వస్తే ఇంతే అంటారు, మా భోగ్ వాళ్లకి టీ దగ్గర చెప్పుకునే జోకు అవుతుంది, కాబట్టి అమ్మ కోసం ఊరుకుంటున్నాను. ఇదీ నాకు నేను చెప్పుకున్నది. అందులో సగం నిజం కూడా. ఆ మాటలు అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఇక్కడే జవాబు చెబుతాను. మా ల్యాబులో గాలి తోడే పంపుకి ప్రతి దసరాకీ కుంకుమ బొట్టు పెడతాం. కొబ్బరికాయ కొట్టేది గైడే. ఆ రోజు అగరొత్తుల పొగ మిషన్ గదంతా కమ్ముకుంటుంది. దాని మీద ఏ రిపోర్టూ రాలేదు, 'కలుషితమై ఉండవచ్చు' అని ఎవరూ రాయలేదు. మా అమ్మ ఎన్నడూ చూడని మనిషి నడవాలని నెయ్యి కాల్చింది. అందులో తప్పు లేదు. ఎవరి ముందైనా ఇదే చెబుతాను.

కానీ అమ్మ పేరు చెప్పకుండా కూడా ఒప్పుకోవచ్చు కదా? జనగామలో దిగలేదు, రెండు రోజులు ఆలస్యం చేశాను, తేదీ మార్చాను. ఈ మూడు ముక్కలు చాలు సత్తయ్యన్నని కాపాడటానికి. ఇందులో అమ్మ ఎక్కడుంది? లేదు. నేను అమ్మని కాపాడలేదు. అమ్మ వెనక నక్కాను. ఇది తెలుసుకోవడానికి నాకు ఐదేళ్లు పట్టిందని అనను. తెలిసే ఉంది.

పోయిన నెల జనగామ వెళ్లాను. సత్తయ్యన్న కుట్టుమిషన్ మీద ఉన్నాడు. నిలబడే చెప్పాను. తేదీ, పొగ, నీటిబొట్టు, రిపోర్టులో నా వాక్యం, అన్నీ వరసగా. చెబుతున్నంతసేపూ మిషను ఆపలేదు. అయిపోయాక ఆపాడు. మంట చూపెడతనన్ననాడు నీకు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. తిడతాడనుకున్నాను. మొగిలికి చెప్పినవా అని అడిగాడు. లేదన్నాను. ముందుగాల ఆయనకి చెప్పి రా, అప్పటిదాక నా దుకాణం ఎక్కకు అన్నాడు.

భూపాలపల్లి వెళ్లాను. మొగిలి అంతా విన్నాడు. కోపం రాలేదు, లేక కనిపించనివ్వలేదు. ఒక్కటే అన్నాడు. "నేనే సక్కగ అడుగు పెయ్యలేదనుకున్న." ఐదేళ్లుగా బస్సు దిగేటప్పుడల్లా ఆ అడుగే గుర్తు చేసుకుంటున్నాడట, ఎక్కడ తప్పు పెట్టానా అని. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి, నన్ను ఇక వెళ్లమని చెప్పింది. వెళ్లాను.

ఆ తర్వాత గైడుకీ, పరిశోధన వ్యవహారాలు చూసే ఆఫీసుకీ రాశాను. గైడు ఫోను చేశాడు. పని ఎప్పుడో ముగిసింది, పట్టా చేతికొచ్చింది, ఇప్పుడు ఎవరికి లాభమని అడిగాడు. రాయక తప్పదనుకుంటే ఆలస్యం గురించి రాయి, ఆ నెయ్యి సంగతి తీసెయ్యి, నీకే చిన్నతనం అన్నాడు. తీయలేదు. జరిగింది జరిగినట్టే ఉంది అందులో. నా పట్టా ఉంచుతారో తీసేస్తారో తెలియదు. తీసేస్తే తీసేయనీ. ఆ అధ్యాయంలో కొలతలు నిజమైనవి. వాటి కింద నా పేరు లేకపోయినా అవి నిజంగానే ఉంటాయి.

దిద్దలేనిది ఒకటి మిగిలింది. ప్రతి తీజ్‌కీ అమ్మ అడుగుతుంది, భూపాలపల్లి ఆయన నడుస్తున్నాడా అని. నడుస్తున్నాడని చెబుతాను. ఏడాదికోసారి చెబుతాను. అది ఐదోది. దాన్ని సరిచేస్తే తను ఇక ఎవరికోసమూ నిప్పుల మీద నెయ్యి వేయదు. ఇది కూడా నక్కడమేనా? కావచ్చు. మీరేమనుకున్నా సరే, ఈ ఒక్కదానికి నాకింకా ధైర్యం రాలేదు.

ఈ వారం మళ్లీ జనగామ వెళ్లాను. దవాఖానలో చూపించడానికి కాగితం కావాలని సత్తయ్యన్న ముందే చెప్పాడు. ఇంగ్లిషులో వద్దన్నాడు. తెలుగులో, ఒకే పేజీలో, నా అసలు పేరుతో రాసి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. రెండోసారి చదివాడు. ఒక చోట వేలు పెట్టి నా వైపు తిప్పాడు.

"గీడ 'వర్క్‌షాపులో పనిచేసే సత్తయ్య' అని రాసినవు. కొట్టెయ్యి. కాళ్లు చేసేటాయన అని రాయి."

కొట్టేశాను. రాశాను. దిద్దిన చోట పక్కన సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకుని, మళ్లీ కుట్టుమిషన్ దగ్గరికి వెళ్లాడు. కూర్చోమనలేదు. నేను కూడా కూర్చుందామనుకోలేదు. బయట ఎండగా ఉంది. స్టేషన్ దాకా నడుస్తుంటే ఛాతీలో ఐదేళ్ల నుంచి ఉన్న బరువు లేదు. పోయింది. అలా తేలిక పడే హక్కు నాకుందా అని మీరు అడగొచ్చు. లేదు. అయినా తేలికపడ్డాను. దాన్ని కూడా దాచను.